కంచము ముందు కూర్చున్న బిడ్డ



2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనది. మందిరము తలుపులు మూతపడ్డాయి. ఆ రోజులలో మా సంఘములోని ఒక తల్లి ఫోను చేసి, "అయ్యగారూ, హాస్టలు నుండి వచ్చిన అమ్మాయి అన్నము ముట్టడము లేదు. అడిగితే ఉపవాస ప్రార్థనలో ఉన్నానంటుంది" అన్నది. "మంచిదేనమ్మా, అడ్డుపడకండి" అన్నాము. అది మా తప్పు.

తరువాత వెళ్లి చూస్తే ఆ బిడ్డను గుర్తుపట్టలేకపోయాము. ఎండాకాలములో చలి అంటూ దుప్పటి కప్పుకున్నది. అయినా తాను లావుగా ఉన్నానంటుంది.

ఇది ఉపవాసము కాదు, మొండితనము కాదు, దయ్యము అంతకన్నా కాదు. వైద్యులు దీనిని అనొరెక్సియా అంటారు. ఉపవాసమునకు ముగింపు ఉంటుంది. విడిచిన తరువాత సంతోషముగా భోజనము చేస్తాము. ఈ జబ్బులో భోజనవేళ అంటేనే భయము. ఇంటిలో బందీ అయిన ఆ రోజులలో స్నేహితులు లేక, దినచర్య లేక, ఫోనులో బరువు తగ్గించే వీడియోలు చూస్తూ, ఆ భయము ముదిరినది.

1945లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయములో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు, పరిశోధన కొరకు తమంతట తామే ఒప్పుకొని, 24 వారములు అర్ధాకలితో గడిపారు. బరువు దాదాపు నాల్గవ వంతు తగ్గేసరికి దిగులు, చిరాకు పట్టుకున్నాయి; మనుష్యులకు దూరమయ్యారు; ఎప్పుడూ తిండి ధ్యాసే. ఆకలి మనస్సును కూడా మార్చివేస్తుంది. కనుక బిడ్డను నిందించకండి.

మరి ఏమి చేయాలి? మొదట వైద్యుని యొద్దకు తీసుకువెళ్లండి. చాలాకాలము తిననివారికి ఒక్కసారిగా ఎక్కువ పెట్టడము ప్రాణాపాయము. ఎంత పెట్టాలో వైద్యుడే చెప్పాలి. బ్రతిమాలి, తిట్టి, ముద్దలు లెక్కపెట్టవద్దు. ప్రక్కన కూర్చుని మీరూ తినండి. పొలము సంగతో, చుట్టాల సంగతో మాట్లాడండి. తిన్న తరువాత కొంతసేపు తోడుండండి. "చిక్కావు", "ఒళ్లు చేశావు" అనే మాటలు ఇంటిలో మానండి. మీకే దిక్కుతోచకపోతే, 2022లో ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ 14416కు ఉచితముగా ఫోను చేయవచ్చు; తెలుగులోనే మాట్లాడతారు.

ఆ తల్లి నెలల తరబడి రోజూ మూడు పూటలా కూతురి ప్రక్కన కూర్చున్నది. ఆ అమ్మాయి నేడు ఉద్యోగము చేస్తున్నది. కష్టము వచ్చినప్పుడు పాత భయము తలెత్తుతుంది. అప్పుడు తానే తల్లికి చెబుతుంది.

మేమూ ఒకటి నేర్చుకున్నాము. మా సంఘములో ఎవరైనా ఉపవాసముంటామంటే, "ఎప్పుడు విడుస్తారు? ఎవరితో కలిసి భోజనము చేస్తారు?" అని అడుగుతున్నాము.