కదిరి హైస్కూళ్లలో మహిళా ఉపాధ్యాయులు: సగటు చెప్పని సంగతులు

సెకండరీ ఉపాధ్యాయుల్లో మహిళల వాటా అనే సూచికను, అంటే ఆ స్థాయిలో పాఠం చెప్పేవారిలో స్త్రీలు నూటికి ఎందరో తెలిపే లెక్కను, యునెస్కో, ప్రపంచ బ్యాంకు దేశాలవారీగా ప్రకటిస్తుంటాయి. ప్రపంచం మొత్తం మీద ప్రాథమిక బడుల్లో దాదాపు మూడింట రెండు వంతులున్న మహిళలు సెకండరీకి వచ్చేసరికి సగానికి కాస్త పైన నిలిచి, విశ్వవిద్యాలయాల్లో సగం కన్నా తగ్గిపోతున్నారు. భారతదేశంలో అన్ని స్థాయిలూ కలిపి 2014-15లో 46.9 శాతంగా ఉన్న వారి వాటా 2024-25కు 54.2 శాతానికి చేరిందని, ప్రతి బడి నుంచీ ఏటా వివరాలు సేకరించే యూడైస్ ప్లస్ గణాంకాలు చెబుతున్నాయి. ఈ పెరుగుదల హర్షించదగినదే. అయితే కదిరి చుట్టూ ఉన్న తలుపుల, గాండ్లపెంట, నంబులపూలకుంట వంటి మండలాల్లో తొమ్మిదో తరగతి చదివే ఆడపిల్లకు ఈ సగటు వల్ల ఒరిగేది ఎంత అన్నది, ఆ ఉపాధ్యాయినులు ఏ ఊళ్లో, ఏ హోదాలో, ఎన్నేళ్లు నిలుస్తున్నారన్న దానిపై ఆధారపడి ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ మార్పుకు చట్టం వేసిన పునాది గట్టిది. 1984లో రాష్ట్ర, సబార్డినేట్ సర్వీసు నిబంధనల్లో చేర్చిన 22-ఎ నిబంధన ప్రభుత్వ ఉద్యోగాల్లో మహిళలకు కనీసం 30 శాతం కేటాయించింది. దాన్ని సుప్రీంకోర్టు 1995లో సమర్థించింది. ఆ తర్వాత ఆ కోటా మూడో వంతుకు పెరిగింది. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం ఏకోపాధ్యాయ పాఠశాలకు రెండో టీచరుగా వీలైనంతవరకు మహిళనే నియమించాలని కోరగా, 1992 నాటి జాతీయ కార్యాచరణ ప్రణాళిక ఇకపై చేపట్టే నియామకాల్లో సగమైనా మహిళలకు దక్కాలంది. కోటా నియామకం దగ్గర తన పని తాను చేసింది. ఉద్యోగంలో చేరిన తర్వాత ఎవరు ఎక్కడికి వెళతారన్నది మాత్రం బదిలీల నిబంధనల చేతుల్లో ఉంది.

ఆ నిబంధనలను కాస్త నిదానంగా పరిశీలించాలి. ఇంటి అద్దె భత్యం, రోడ్డు సౌకర్యం ఆధారంగా ఊళ్లను నాలుగు కేటగిరీలుగా విడదీసి, మారుమూల పనిచేసినవారికి ఏడాదికి ఎక్కువ పాయింట్లిచ్చి, ఆ పాయింట్ల వరుసలోనే కోరుకున్న బడిని ఎంచుకోనిస్తారు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే స్పౌజ్ పాయింట్లు అదనం. ఇందులో అన్యాయమేమీ లేదు. కానీ కొత్తగా చేరిన ఉపాధ్యాయిని లోపలి ఊరికి వెళ్లి, పాయింట్లు కూడగానే కదిరికో జాతీయ రహదారి పక్కనున్న నల్లచెరువు, తనకల్లు వైపుకో రావడం ఈ పద్ధతికి సహజ ఫలితం. దీనికి తోడు, 50 ఏళ్లు దాటని పురుషులు బాలికల ఉన్నత పాఠశాలలను కోరుకోరాదన్న నియమం ఉంది. ఆడపిల్లల క్షేమం కోసం పెట్టిన ఈ నియమం పట్టణాల్లోని బాలికల పాఠశాలలకు మహిళా సిబ్బందిని చేరుస్తున్నది గానీ, పల్లెల్లో అమ్మాయిలు ఎక్కువగా చదివేది అబ్బాయిలతో కలిసి చదివే జిల్లా పరిషత్ హైస్కూళ్లలోనే కాబట్టి, వారి బడికి ఆ రక్షణ వర్తించదు.

పల్లె హైస్కూల్లో ఉపాధ్యాయిని లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 7 నుంచి 12వ తరగతి వరకు బాలికలకు నెలకు 10 శానిటరీ న్యాప్కిన్లు ఇచ్చే స్వేచ్ఛ కార్యక్రమాన్ని 2021 అక్టోబరులో ప్రారంభించినప్పుడు, ఆ బాధ్యత బడిలోని ఒక మహిళా టీచరుకు అప్పగించాలన్నారు. మహిళా టీచరే లేని చోట ప్యాకెట్లు స్టాఫ్ రూమ్ బీరువాలో ఉన్నా, పదమూడేళ్ల పిల్ల మగ సారు ముందు నిలబడి అడగలేక, ఆ నాలుగు రోజులూ బడి మానడానికే మొగ్గు చూపుతుంది. ఇంట్లో పెళ్లి మాటలు మొదలైనప్పుడు చెప్పుకోవడానికైనా ఆమెకు ఒక మేడమ్ కావాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 20-24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతానికి 18 నిండకముందే పెళ్లయింది.

ఉపాధ్యాయినుల వైపు నుంచీ చూడవలసిందే. పిల్లల చదువుల కోసం కదిరిలో కాపురం పెట్టి, ఇంటి పని ముగించుకుని, బస్టాండులో పల్లెబస్సు పట్టుకుని, రోడ్డు మీద దిగి, షేర్ ఆటో నిండేదాకా వేచి, ముఖం చూపి హాజరు వేసే యాప్ గడువులోగా బడి చేరాల్సిన మనిషి దగ్గరి బడిని కోరుకుంటే తప్పుపట్టడం భావ్యం కాదు.

హోదా విషయానికి వస్తే, 6 నుంచి 10 తరగతులకు సబ్జెక్టు బోధించే స్కూల్ అసిస్టెంట్ పోస్టుల్లో ఎక్కువ భాగం, ప్రాథమిక తరగతుల సెకండరీ గ్రేడ్ టీచర్ల పదోన్నతితో నిండుతాయి. హెడ్మాస్టర్ కుర్చీకీ దారి సీనియారిటీయే. పదవీ విరమణ వయసు 62 అయిన ఈ రోజుల్లో ఆ కుర్చీలో ఉన్నవారు చాలావరకు మూడు దశాబ్దాల కిందటి నియామకాల నాటివారు కాబట్టి, నేటి డీఎస్సీ ఉపాధ్యాయ నియామకాల్లో మహిళలు ఎంతమంది గెలిచినా, ఆ ఫలితం అక్కడ కనిపించడానికి ఒక తరం పడుతుంది. పైగా స్కూల్ అసిస్టెంట్‌గా పదోన్నతి వస్తే పాత అనంతపురం జిల్లాలో ఎక్కడికి వెళ్లాలో తెలియదు. 2022 ఏప్రిల్‌లో దాని నుంచి కదిరి ఉన్న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినా, ఉపాధ్యాయ నియామకాలకు యూనిట్ ఇంకా ఆ పాత జిల్లాయే. రాయదుర్గం నుంచి తనకల్లు దాకా పరచుకున్న ఆ విస్తీర్ణంలో పదోన్నతిని వదులుకోవడమే కొందరికి మేలనిపిస్తుంది.

మహిళలే సిబ్బందిగా ఉన్న బడులు లేకపోలేదు. స్త్రీ అక్షరాస్యత తక్కువగా ఉన్న మండలాల కోసం 2004లో రూపొందిన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో స్పెషల్ ఆఫీసర్ మొదలు సబ్జెక్టు టీచర్ల దాకా మహిళలే; కానీ వారు కాంట్రాక్టు ఉద్యోగులు, రాత్రి హాస్టల్ డ్యూటీ కూడా వారిదే. పట్టణంలోని ప్రైవేటు స్కూళ్లలో అంతకన్నా తక్కువ జీతానికి పనిచేసే మహిళలూ ఉన్నారు. యూడైస్ లెక్కలో వీరూ, రెగ్యులర్ స్కూల్ అసిస్టెంటూ సమానంగా ఒక్కొక్కరే. అంటే తక్కువ జీతపు కొలువుల్లో స్త్రీలు పెరిగినా శాతం పెరుగుతుంది.

అందువల్ల విద్యాశాఖ మండల స్థాయిలో ప్రకటించాల్సిన మొదటి అంకె, మహిళా సబ్జెక్టు టీచరు ఒక్కరూ లేని హైస్కూళ్ల సంఖ్య. ఆ బడుల్లో ఒక పోస్టును మహిళకే నిర్దేశించి, దానికి అదనపు పాయింట్లూ మండల కేంద్రంలో క్వార్టరూ ఇచ్చి, ఆ దారి బస్సును బడి వేళకు సరిపడేలా నడపవచ్చు. పదోన్నతి కౌన్సెలింగులో ముందుగా సొంత రెవెన్యూ డివిజన్ ఖాళీలను చూపితే, కదిరి ఉపాధ్యాయిని కుర్చీనీ కుటుంబాన్నీ తూచి చూసుకోవాల్సిన అవసరం చాలావరకు తగ్గుతుంది.