బండి వైద్యం: విడిచి విడిచి వచ్చే జబ్బు

క్రిందటి నెల బ్యాటరీల గురించి రాసినది చదివి ఒక సభ్యురాలు ఫోను చేశారు. "మీరు ఎప్పుడూ తేలిక జబ్బులే చెబుతారు. మా వారి పాత పికప్పు పది రోజులకోసారి దారిలో ఆగిపోతుంది. పావుగంట ఊరుకుని తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. దీనికి మందు చెప్పండి చూద్దాం" అన్నారు. ఆవిడ వృత్తిరీత్యా డాక్టరు. రోగి తన ఎదుట కూర్చునే వేళకి జ్వరం దిగిపోయి ఉంటే ఎంత చిక్కో ఆవిడకు నేను చెప్పనక్కరలేదు.

ఈ జబ్బు మా ఇంట్లోనే వచ్చింది. చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగానే ఉంది కాని, చెబుతాను.

మన ఉగాదికి వంట గుండిగలూ, పందిరి కర్రలూ మోసిన ఆకుపచ్చ పికప్పును మీలో చాలామంది చూసే ఉంటారు. 1990 నాటి షెవ్రొలె, 5.7 లీటర్ల ఎనిమిది సిలిండర్ల ఇంజను. మా అబ్బాయికి పదిహేడో ఏట కొనిపెట్టాను. నవంబరులో ఒక సాయంత్రం ఐ-90 మీద ఆగిపోయిందని వాడు ఫోను చేశాడు. నలభై నిమిషాలకు నేను వెళ్ళి తాళం తిప్పితే మొదటి తిప్పుకే అందుకుంది. మూడు వారాల్లో మూడుసార్లు ఇదే వరస. మూడోసారి నాకు ఓపిక పోయి, "ఎక్కడెక్కడో తిరిగి ఆలస్యం చేసి, నేరం బండి మీద పెడుతున్నావా?" అనేశాను. వాడు మారు మాట్లాడలేదు. ఇంటికొచ్చి తాళాలు బల్ల మీద పెట్టి మేడ మీదికి వెళ్ళిపోయాడు. "ఒక్కరోజు మీరు వాడి పక్కన కూర్చుని వెళ్ళి చూడకూడదూ?" అంది మా ఆవిడ. వినిపించుకోలేదు. బండిని ఒక గరాజుకి ఇచ్చాను. వాళ్ళు టాంకు దింపి, పంపు మార్చి, ఎనిమిది వందల డాలర్లు పుచ్చుకున్నారు. రెండు వారాలు చక్కగా నడిచింది. మళ్ళీ ఆగింది.

కథ కాసేపు అక్కడ ఉంచి, బండి లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ఈ తరహా బండిలో పెట్రోలు పంపు టాంకులోనే మునిగి ఉంటుంది. (ఇక్కడివాళ్ళు గ్యాసు అంటారు. నేను పెట్రోలే అంటాను. గ్యాసు అంటే మా అమ్మ వంటింటి వైపు చూస్తుంది.) పంపు తోసిన పెట్రోలు ఛాసిస్ మీది ఫిల్టరు గుండా ఇంజను నెత్తిన ఉన్న థ్రాటిల్ బాడీకి చేరుతుంది. అక్కడ రెండు ఇంజెక్టర్లు దాన్ని చిమ్ముతాయి. ఒత్తిడి 9 నుంచి 13 పి.ఎస్.ఐ. వరకే; తర్వాతి కాలపు బళ్ళతో పోలిస్తే చాలా తక్కువ. తాళం తిప్పగానే కంప్యూటరు పంపును రెండు సెకన్లు తిప్పి, ఇంజను తిరగడం లేదని చూసి ఆపేస్తుంది. సెల్ఫ్ కొడితే మళ్ళీ తిప్పుతుంది. టాంకు మూత తీసి చెవి ఒగ్గితే ఆ రెండు సెకన్ల గుయ్‌మనే చప్పుడు వినబడాలి.

ముఖ్యమైన విషయం ఒకటి. పంపుకి కరెంటు వెళ్ళే దారులు రెండు. ఒకటి రిలే ద్వారా. రెండోది ఇంజను ఆయిలు ఒత్తిడికి పనిచేసే స్విచ్చి ద్వారా. రిలే చచ్చినా, సెల్ఫ్ కొట్టగా కొట్టగా ఆయిలు ఒత్తిడి వచ్చి రెండో దారి తెరుచుకుంటుంది. కనుక రిలే పోయిన బండి పొద్దున్నే బాగా ఏడిపించి స్టార్టవుతుంది గాని, నడుస్తూ నడుస్తూ ఆగిపోవడం అరుదు. మాది నడుస్తూనే ఆగింది. అంటే తప్పు రెండు దారులూ కలిసిన తర్వాత ఎక్కడో ఉండాలి: టాంకు దాకా పోయే వైరు, పంపు, లేదా ఎర్తు. ఈ తర్కం తట్టకముందే నేను ఒక కొత్త రిలే కొని బిగించాననుకోండి, అది వేరే సంగతి.

కరెంటు కాకపోతే ఇంకేమిటి? పంపు మూతికి సన్నని జల్లెడ సంచీ ఉంటుంది. టాంకు అడుగు మడ్డి దానికి పట్టేస్తే పెట్రోలు అందక ఇంజను ఆగుతుంది. ఆగాక లాగుడు లేక మడ్డి రాలిపోతుంది, బండి మళ్ళీ కదులుతుంది. అచ్చం డాక్టరు గారు చెప్పిన లక్షణమే. ముసలి పంపు వేడెక్కి ఆగి, చల్లారాక తిరగడం ఇంకొకటి. పంపును చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే గనుక, ఇది టాంకు అడుగంటినప్పుడు ఎక్కువ. గాలి లోపలికి పోయే దారి మూసుకుపోతే టాంకులో శూన్యం ఏర్పడుతుంది. బండి ఆగిన వెంటనే మూత తిప్పితే గట్టిగా బుస్సుమంటుంది. ఫిల్టరు పట్టేస్తే ఎత్తు ఎక్కేటప్పుడు ఆయాసపడుతుంది. అది చవక వస్తువు, అనుమానం ఉంటే మార్చేయండి.

ఈ లక్షణాలన్నీ బండి ఆగిన క్షణంలో చూస్తేనే తెలుస్తాయి. గరాజులో హాయిగా తిరుగుతున్న బండికి ఏ పరీక్ష చేసినా ఆరోగ్యంగానే ఉందని తేలుతుంది.

డిసెంబరులో ఒక శనివారం, ఇన్సూరెన్సు కాయితం కోసం గ్లవ్ బాక్సు తెరిస్తే మావాడి స్కూలు నోటుపుస్తకం కనబడింది. వెనక పేజీలో నాలుగు తేదీలు. ఆగిన చోటు, టాంకులో ముల్లు ఎక్కడుంది, బయట చలి ఎంత, ఎన్ని నిమిషాలకు స్టార్టయింది, అన్నీ రాసి ఉన్నాయి. నేను నమ్మనప్పటి నుంచి రాస్తున్నాడన్నమాట. ముల్లు ఒకసారి పావు, ఒకసారి ముప్పావు. కాబట్టి జల్లెడా, వేడెక్కిన పంపూ అంత సబబుగా లేవు. కాని నాలుగింట మూడుసార్లు రైలు పట్టాలు దాటిన రెండు మూడు నిమిషాలకే ఆగింది. ఇరవై ఏళ్ళ ఇంజనీరింగు అనుభవం ఉన్న నేను చేయవలసిన పని వాడు చేశాడు.

"పద, ఇద్దరం వెళ్దాం" అన్నాను. ఆ పట్టాల మీద నాలుగుసార్లు అటూ ఇటూ దాటించాం. ఐదోసారి చచ్చింది. నా జన్మలో బండి ఆగిపోయినందుకు అంత సంతోషించినది లేదు. ఉన్న ఊపుతోనే పక్కనున్న ఖాళీ స్థలంలోకి దింపాం. గాలి ఫిల్టరు డబ్బా పక్కకు పెట్టి వాడిని సెల్ఫ్ కొట్టమన్నాను. ఇంజెక్టర్లు పొడిగా ఉన్నాయి. టెస్టరులో నిప్పురవ్వ మాత్రం బాగా వస్తోంది. ఇది తప్పక చూడాలి: డిస్ట్రిబ్యూటరు మాడ్యూలు వేడికి పోయినా ఇంజెక్టర్లు ఆగిపోతాయి, కాని అప్పుడు రవ్వ కూడా ఉండదు. పంపు చప్పుడు లేదు.

ఇక్కడ చాలామంది రబ్బరు సుత్తితో టాంకు అడుగున ఒక్కటి తగిలిస్తారు. పంపు తిరిగితే "పంపు పోయింది" అని తీర్పు. అరిగిన పంపు అలా లేచే మాట నిజమే. కాని ఆ దెబ్బకు పంపొక్కటే కాదు, దాని వైర్లూ కదులుతాయి. అందుకని నేను సుత్తి ముట్టుకోలేదు. రిలే పక్కన పంపును పరీక్షించడానికి విడిగా వదిలిన ఎర్ర వైరుకు బ్యాటరీ నుంచి కరెంటు ఇచ్చాను. ఆ కలపడం బానెట్ కింద, టాంకుకు దూరంగా చేయాలి. తర్వాత పొడుగు తీగ ఒకటి బ్యాటరీ నెగెటివ్‌కు కట్టి, మీటరుతో వెనక్కి వెళ్ళి పడుకున్నాను. పంపు ప్లగ్గు దగ్గర కరెంటు తెచ్చే వైరులో 12 వోల్టులు. బాగానే ఉంది. ఎర్తుకు పోయే నల్ల వైరులో దాదాపు సున్నా ఉండాలి. 11 చూపించింది. అంటే వచ్చిన కరెంటుకు తిరిగి వెళ్ళే దారి లేదు.

నల్ల వైరు ఛాసిస్‌కు బిగించిన చోట ఒహాయో ఉప్పు ముప్పై చలికాలాలు పనిచేసింది. బోల్టు చుట్టూ తుప్పు పొరలు పొరలుగా ఉంది. గరాజువాళ్ళు టాంకు దించినప్పుడు అది కాస్త కదిలి పట్టు దొరికింది గనుక రెండు వారాలు నడిచింది. పాత పంపు మంచిదే అయి ఉంటుంది. ఇనుము తెల్లబడేదాకా బ్రష్షుతో గీకి, కొత్త కొక్కెం, పళ్ళ వాషరు వేసి, పైన గ్రీజు పూశాం. ఖర్చు ఐదు డాలర్ల లోపు.

డాక్టరు గారూ, మీ వారికి ముందు ఒక నోటుపుస్తకం ఇవ్వండి. మీటరు, రవ్వ టెస్టరు, ఇరవై అడుగుల తీగ, మంటలార్పే సిలిండరు బండిలో పడేయండి. ఫ్రీవే అంచున మాత్రం ఏ పరీక్షలూ వద్దు, టో ట్రక్కును పిలవండి. పెట్రోలు పైపులు విప్పే పని ఇంటికి ఆనుకున్న గరాజులో పెట్టుకోవద్దు. అక్కడ నీళ్ళు కాచే హీటరు కింద చిన్న మంట ఉందని చాలామందికి గుర్తుండదు.

బోల్టు బిగిస్తూ, "ఆ రోజు నేను అన్నది తప్పురా" అన్నాను. వాడు టార్చిలైటు పట్టుకుని ఉన్నాడు. కాసేపు ఊరుకుని, "ఇంకో పావు తిప్పు బిగించు నాన్నా, ఇంకా కదులుతోంది" అన్నాడు. నిజంగానే కదులుతోంది.