చేప చిన్నదైతే చింత తక్కువ

విశాఖలో ఇంట్లో బాలింత ఉందంటే ఎవరో ఒకరు తెల్లారేసరికి ఫిషింగ్ హార్బర్‌కి పరుగెత్తాల్సిందే. పాల సొర కావాలి మరి! తెచ్చి, ఉడికించి, తోలు తీసి, పొడిపొడిగా చిదిమి, వెల్లుల్లి దండిగా వేసి పిట్టు చేసి పెడతారు. పాలు బాగా పడతాయని పెద్దల నమ్మకం. ఆ నమ్మకాన్ని వెక్కిరించడం మన ఉద్దేశం కాదు. కానీ సొర తినేవాళ్లు సొరని ఒక్కదాన్నే తినడం లేదు. అది పుట్టిన దగ్గర్నుంచీ మింగిన చేపలన్నిట్లోని పాదరసం కూడా వాళ్ల కంచంలోకి వస్తుంది.

చేపలోకి పాదరసం ఎలా వచ్చిందంటారా? బొగ్గులో అది రవ్వంత ఉంటుంది. విశాఖకీ బొగ్గుకీ విడదీయలేని బంధం. రేవులో దిగేది బొగ్గు, స్టీల్‌ప్లాంటులో కోక్‌గా మారేది బొగ్గు, పరవాడ పక్కన సింహాద్రి థర్మల్ కేంద్రంలో మండేది బొగ్గు. మండినప్పుడు పాదరసం ఆవిరై గాలిలో కలుస్తుంది. అది ఊళ్లోనే దిగాలని లేదు. నెలల తరబడి ప్రయాణించి ఎక్కడో వానతోపాటు సముద్రంలో పడుతుంది. మన పొగ ఎవరి చేపల్లోకో, ఎవరి పొగో మన చేపల్లోకి!

గాలి సోకని బురదలో ఉండే కొన్ని బ్యాక్టీరియాలు దీన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి. అసలు పేచీ దీనితోనే. ఒంట్లోకి తేలిగ్గా వెళుతుంది, బయటికి మాత్రం ఓ పట్టాన రాదు. నీటిలోని నాచు నలుసులు పీల్చుకున్నది వాటిని తిన్న సూక్ష్మజీవుల్లో పోగవుతుంది. వాటిని కవళ్లు, నెత్తళ్లు తింటాయి. వాటిని వంజరం, అన్నిటినీ పెద్ద సొర. ఒక్కో మెట్టుకీ విషం చిక్కబడుతుంది. పైమెట్టు మీదున్న చేపలో, అది ఈదే నీటిలోకన్నా పదిలక్షల రెట్లు ఎక్కువ ఉండొచ్చు. పైగా కవళ్ల ఆయుష్షు రెండు మూడేళ్లే. పెద్ద సొరలు దశాబ్దాలు బతుకుతాయి. అన్నేళ్ల తిండి, అన్నేళ్ల నిల్వ.

అమెరికా ఆహార, ఔషధ సంస్థ కొలతలు చూడండి. సార్డీన్లలో, అంటే మన కవళ్ల జాతిలో, పాదరసం సగటున కిలోకి 0.013 మిల్లీగ్రాములు. సొరల్లో 0.979. అంటే డెబ్భై అయిదు రెట్లు! అవి అక్కడి చేపల లెక్కలే. కానీ తిండి మెట్లు ఏ సముద్రంలోనైనా అవే.

అన్ని విషాలూ ఇలా మెట్లెక్కవు. సీసం, కాడ్మియం తీరు వేరు. రేవు లోపలి భాగం ఇరుకు. మేఘాద్రిగెడ్డ నీళ్లు కలిసేది అక్కడే. చుట్టూ రిఫైనరీ, ఎరువుల కర్మాగారం, 2012లో మూతపడేదాకా జింక్ స్మెల్టర్. ఇలాంటి చోట లోహాలు బురదలో దిగబడతాయి. వాటిని పోగుచేసుకునేది పెద్ద చేప కాదు, రాళ్లకు అంటుకుని నీటిని వడగట్టుకు తినే ఆలిచిప్పలు. రేవు గోడల మీంచి గీకి తెచ్చిన చిప్పల జోలికి పోకపోవడమే మంచిది.

మళ్లీ పాదరసం దగ్గరికొద్దాం. జపాన్‌లోని మినమటా తీరంలో చిస్సో అనే కంపెనీ 1932 నుంచి 1968 దాకా పాదరసం కలిసిన నీళ్లను సముద్రంలోకి వదిలింది. ముందు ఊళ్లో పిల్లులు పిచ్చెత్తినట్టు గిరగిరా తిరిగి చచ్చిపోయాయి. 1956లో మనుషుల్లో జబ్బు బయటపడింది. అన్నిటికన్నా కలచివేసేది తల్లుల సంగతి. పైకి ఆరోగ్యంగానే కనిపించిన కొందరికి మెదడు దెబ్బతిన్న బిడ్డలు పుట్టారు. మిథైల్ మెర్క్యురీ మావిని దాటి బిడ్డను చేరుతుందని అప్పుడు తెలిసింది. తల్లిపాల ద్వారా వెళ్లేది అంతకన్నా తక్కువ. కాబట్టి బాలింత పథ్యం కన్నా ముందు ఆలోచించాల్సింది గర్భిణి భోజనం గురించి. ఒంట్లో చేరినదాంట్లో సగం పోవడానికే సుమారు రెండు నెలలు పడుతుంది. అందుకే గర్భం దాల్చాలనుకునేవాళ్లు కూడా సొర మానాలని ఆ అమెరికా సంస్థే చెబుతోంది.

మన దేశంలోనూ చేపల్లో పాదరసానికి పరిమితి ఉంది. ఎగుమతి సరుకుకి పరీక్షలూ ఉన్నాయి. హార్బర్ గట్టు మీద బేరమాడే ఇల్లాలికి మాత్రం ఈ ముక్క చెప్పే బోర్డు ఒక్కటైనా ఉండాలి కదా! ప్రసూతి ఆసుపత్రి చీటీలో ఒక వాక్యం రాసినా చాలు.

చేపలే మానెయ్యమంటారా అని కంగారుపడకండి. మానితే నష్టం. బిడ్డ మెదడుకి కావలసిన ఒమేగా-3 కొవ్వులు కవళ్లలో, కానాగంతల్లో పుష్కలం. ధరా తక్కువే. నెత్తళ్లయితే ముల్లుతో సహా నమిలేయొచ్చు, కాల్షియం అదనం. పాల సొరే కావాలని అత్తగారు పట్టుబడితే చిన్నది చూసి, ఎప్పుడో ఒకసారి, కాస్త పెట్టండి. రోజూ వద్దు.

‘బాగా కడిగి, చింతపండు పులుసులో మరిగిస్తే పోదా?’ అంటారు కొందరు. పోదు. అది కండలోని మాంసకృత్తులను పట్టుకుని ఉంటుంది. ఉప్పేసి ఎండబెట్టినా అంతే. నీరు పోయి బరువు తగ్గుతుందే గానీ పాదరసం తగ్గదు. కిలో పచ్చి సొరలో కన్నా కిలో ఎండు సొరలో ఎక్కువే ఉంటుంది.