రివాల్వర్ ఖరీదైనదైతే గురి కుదురుతుందా? లైసెన్సుదారులు తెలుసుకోవాల్సినవి

మహాశివరాత్రి వచ్చిందంటే ఏడుపాయల కిక్కిరిసిపోతుంది. మంజీర పాయల మధ్య వనదుర్గా భవాని దర్శనానికి జనం పోటెత్తుతారు. ఆ రద్దీలో మీ నడుముకు లైసెన్సు రివాల్వర్ ఉందనుకోండి. ధర ఎంతైనా, గురి తప్పిన తూటా చేసే నష్టం ఒక్కటే. మరి ఎక్కువ డబ్బు పెడితే అదనంగా దక్కేదేమిటి?

ధర ఎందుకు పెరుగుతుంది?

2014లో కాన్పూర్ ఆయుధ కర్మాగారం తెచ్చిన ‘నిర్భీక్’ ధర అప్పట్లో సుమారు రూ.1.22 లక్షలు. టైటానియం మిశ్రమ లోహంతో చేయడం వల్ల బరువు 500 గ్రాములే. అంటే ఆ ధరలో కొంత తేలికదనానికి కట్టేదే. ఇక విదేశీ ఆయుధాల దిగుమతిపై 1980ల నుంచే ఆంక్షలున్నాయి. అందుకే పాత వెబ్లీ అండ్ స్కాట్ వంటివి సెకండ్ హ్యాండ్‌లోనూ భారీ ధర పలుకుతాయి. అక్కడ మీరు చెల్లించేది చాలావరకు అరుదైన వస్తువన్న పేరుకే.

పనితీరులో తేడా ఉందా?

ఉంది, కానీ ధరలో ఉన్నంత కాదు. తూటా అదే .32 అయి, బారెల్ పొడవు దాదాపు సమానమైతే వేగంలో పెద్ద మార్పు ఉండదు. మేలురకం రివాల్వర్‌లో ట్రిగ్గర్ నునుపుగా కదులుతుంది, సిలిండర్ బారెల్‌కు సరిగ్గా కుదురుతుంది. ట్రిగ్గర్ బిగువుగా ఉంటే చెయ్యి కదిలి గురి తప్పుతుంది కాబట్టి ఇది ముఖ్యమే. అయితే సాధన లేని చేతికి ఈ మేలు అందదు. పైగా బరువు తగ్గేకొద్దీ పేల్చినప్పుడు వెనక్కి తన్నే దెబ్బ పెరుగుతుంది.

కొనే ముందు ఏం చూడాలి?

ట్రిగ్గర్ మీ వేలికి అందుతోందా? సిలిండర్ వదులుగా ఊగుతోందా? ఆయుధం నంబర్ పత్రాలతో సరిపోలుతోందా? ఇవి సరిగ్గా ఉంటే తక్కువ ధరదే తీసుకోండి. మిగిలిన డబ్బు శిక్షణకు, ఇంట్లో గట్టి లాకర్‌కు పెట్టండి.

చట్టం ఏమంటోంది?

మెదక్‌లో లైసెన్సు ఇచ్చేది జిల్లా మేజిస్ట్రేట్ హోదాలో కలెక్టర్. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బహిరంగ ప్రదేశాల్లో ఆయుధం చూపి బెదిరించడం, కాల్చడం నిషిద్ధం. 2019 సవరణ తర్వాత సంబరాల్లో నిర్లక్ష్యంగా కాల్చి ఇతరులకు ముప్పు తెస్తే రెండేళ్ల వరకు జైలు లేదా రూ.లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. జాతరకు వెళ్లేటప్పుడు మీ రివాల్వర్‌ను ఇంట్లో లాకర్‌లోనే ఉంచి రండి.