కుక్కపిల్లకు గూడు

ఇటీవల కుక్కపిల్లను తెచ్చుకొనిన సోదరీమణి యొకరు తమ యింటి చిక్కును మాకు వ్రాసిరి. వారుండునది ఫ్లాటు, పెరడు లేదు. అత్తగారు మడి కట్టుకొని వంట చేయుదురు. కావున పిల్లను బాల్కనీలో గొలుసుతో కట్టుచున్నారు. అది రాత్రియంతయు ఏడ్చుచున్నదట. కమ్ముల బోనొకటి కొనుడని దుకాణదారుడు చెప్పెనట గాని, నోరులేని జీవమును చెఱలో పెట్టుటకు వారికి మనసొప్పుట లేదు.

ఈ సంకోచము మెచ్చదగినదే. బోనన్నంతనే పులిని పట్టు బోనును, న్యాయస్థానమున ముద్దాయి నిలుచు బోనును మనకు తలపునకు వచ్చును. అయినను ఆ వస్తువునే బోనుగా వాడవచ్చును, గూడుగాను వాడవచ్చును. భేదమంతయు తలుపునందున్నది.

వీధికుక్క యీనుటకు ఎట్టి చోటు వెదకుకొనునో మీరు చూచియే యుందురు. గడ్డివామిలోని బొఱియ, మెట్లక్రింది మూల, బండిక్రింది నీడ: మూడు వైపుల మఱుగు, ఒక వైపున దారి. కూనలు నడక నేర్చినది మొదలు పడుకొను చోటును మలినము చేయక వెలుపలికి పోజూచును. గూటి యలవాటునకు ఈ రెండు స్వభావములే ఆధారము.

లోపల కుక్క తల వంపక నిలువవలెను, వెనుకకు తిరుగవలెను, కాళ్లు చాచి పండుకొనవలెను. అంతకంటె మిక్కిలి పెద్దదైనచో పిల్ల యొక మూల పండుకొని వేఱొక మూల మూత్రము విడుచును. ఎదిగిన కొలతకే కొన్నవారు నడుమ అడ్డుపలక నుంచి, పిల్ల పెరిగినకొలది దానిని జరుపుకొనవచ్చును. అడుగున పాత దుప్పటి పఱచి, ముందు వైపు విడిచి పైని పలుచని గుడ్డ కప్పుడు. పగలు ఇంటివారు మసలు చోటను, రాత్రి మీ పడకదగ్గఱను ఉంచుడు. క్రొత్తగా తల్లిని విడిచిన పిల్లకు మీ యూపిరి చప్పుడే సగము ధైర్యము.

మొదటి దినములలో తలుపును మూయనే కూడదు; తగిలి చప్పుడు కాకుండ వెనుకకు కట్టివేయుడు. అన్నపు గిన్నెను తొలుత గడపకడ పెట్టి, పూట పూటకు కొంచెము లోనికి జరుపుచు రావలెను. పిల్ల తానై లోనికి పోవలెనే గాని చేతితో త్రోయరాదు. అది నిశ్చింతగా తినుచున్నపుడు తలుపు చేరవేసి, తినుట ముగియకమునుపే తెఱవుడు. పిమ్మట అయిదు నిమిషములు, పది నిమిషములు. ఆ పిమ్మట మీరు ప్రక్కగదిలోనికి పోయి వచ్చుట. ఏ మెట్టున బెదరినను దానికి ముందరి మెట్టునకు మరలుడు.

“ఏడువనిండు, అదియే మానుకొనును” అను సలహాను మేమంగీకరింపము. రెండు నెలల పిల్ల రెండు మూడు గంటలకంటె మూత్రము నాపుకొనజాలదు. రాత్రి అది మూలుగుట మొండితనము కాకపోవచ్చును. ఆటపాటలు లేక నిర్ణయించిన చోటికి తీసికొనిపోయి, పని కాగానే మరల పండుకొనబెట్టుడు.

ఇక మడి మాట. అలవాటు కుదిరిన పిదప, వెలుపల త్రిప్పి తెచ్చి, కొఱుకుటకేదైన నిచ్చి, వంట జరుగు గంటసేపు తలుపు మూసినచో పిల్లకు బాధలేదు, అత్తగారికి చింతలేదు. ఆలుమగలిద్దఱును ఉద్యోగములకు పోయి సాయంకాలము వఱకు మూసియుంచుట మాత్రము ఘోరము. స్వీడను, ఫిన్లాండు దేశములలో ఇంట కుక్కను నిత్యము మూసిన బోనులో నుంచుటను చట్టమే యొప్పదు. మన దేశమునను 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము, కదలుట కెడములేని పంజరమున జంతువు నుంచుటను, మిక్కిలి కుఱుచ గొలుసుతో అమితకాలము కట్టియుంచుటను నేరములుగ నెంచినది. బాల్కనీలో గొలుసు కట్టువారును దీనిని గమనింతురు గాక.

తప్పు చేసినదని కోపముతో గూటిలోనికి నెట్టరాదు. ఒక్క మాఱట్లు చేసినను ఇన్నినాళ్ల శ్రమ చెడును. అది లోపల నున్నపుడు చేయి పెట్టరాదని పిల్లలకు చెప్పుడు. మెడపట్టెడ కమ్ములకు తగులుకొని ఉరి పడవచ్చును గనుక మూయుటకు ముందు దానిని తీసివేయుడు. కుక్క ముఖ్యముగ రొప్పుట చేతనే యొడలి వేడిని పోగొట్టుకొనును. కావున వేసవిలో ఎండ తగులు బాల్కనీలో గూటిని పెట్టనే వలదు. కొన్ని కుక్కలు మూసినంతనే చొంగకార్చుచు కమ్ములు కొఱికి పండ్లు, గోళ్లు విఱుగగొట్టుకొనును. వానికి బలవంతము తగదు. తలుపు తీసి, పశువైద్యుని యడుగుడు.

దీపావళికి నెలదినములు ముందుగనే ఈ యలవాటు చేసినవారికి ఆ రాత్రి మేలగును. టపాకాయలకు బెదరి గుమ్మము దాటి పరుగెత్తి దారితప్పు కుక్కలు కలవు. చీకటి పడకమునుపే దానిని వెలుపల త్రిప్పి తెచ్చి, వీధితలుపు గడియ వేసి, కిటికీలు మూసిన లోపలి గదిలో గూటినుంచి, పంకా తిప్పి, పాటలు పెట్టుడు. బెదరిన కుక్కపై గూటి తలుపు మూయవలదు. తెఱచి యుంచుడు, అదియే లోనికి పోవును.