ఆటలోని మాంత్రికుడు – పీట మీది యజమాని



గత మాసంలో ఒక సాయంకాలం, నివేదన, నీరాజనం ముగిసి భక్తులు తీర్థప్రసాదాలు స్వీకరిస్తున్న సమయంలో, ఒక తల్లి పదహారేళ్ల కుమారుణ్ణి వెంటబెట్టుకొని అంతరాలయం గడప దగ్గరకు వచ్చింది. "పంతులుగారూ, మావాడు రాత్రి రెండు గంటల దాకా కంప్యూటర్ ముందు కూర్చుని క్షుద్రమంత్రాలు వేస్తున్నాడండీ. శవాలతో మాట్లాడతాడట, నిప్పులు కురిపిస్తాడట. ఏదైనా శాంతి చేయించండి" అని కంటతడి పెట్టింది. ప్రక్కన నిలబడిన ఒక పెద్దాయన వెంటనే అందుకొన్నారు: "సందేహమేముందమ్మా, ఇది సాక్షాత్తూ అభిచారం. హోమం చేయించవలసిందే." ఆ కుర్రవాడు తల వంచుకొని నిలబడ్డాడు. వాడి ముఖంలో నాకు అపరాధభావం కంటె అవమానమే ఎక్కువగా కనిపించింది.

నేను శాంతి చేయించలేదు. ఎందుకు చేయించలేదో ఆ పెద్దాయన మళ్లీ వచ్చి నిలదీశారు. వారికి నోటితో చెప్పిన సమాధానాన్నే ఇక్కడ సవిస్తరంగా వ్రాస్తున్నాను. వారివలె ఆలోచించే ఆస్తికులు మనలో అనేకులు ఉన్నారు. ఈ వ్యాసం వారికి రుచించకపోవచ్చు. అయినా చెప్పక తప్పదు.

ముందుగా ఆ ఆట ఏమిటో తెలుసుకోవాలి. తెలియనిదానిని ఖండించడం శాస్త్రమర్యాద కాదు. పూర్వపక్షాన్ని యథాతథంగా నిలబెట్టిన తరువాతనే సిద్ధాంతం చెప్పమని మన గురువులు నేర్పారు. కనుక మరుసటి ఆదివారం ఆ బాలుణ్ణి పిలిపించి మండపంలో కూర్చోబెట్టి అడిగాను. వాడు ఆడుతున్నది బాల్డర్స్ గేట్ 3 అనే ఆట. బెల్జియం దేశానికి చెందిన లేరియన్ స్టూడియోస్ దానిని 2023లో విడుదల చేసింది. దాని నియమావళికి మూలం 1974లో అమెరికాలో పుట్టిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట. అది మొదట కాగితం, పాచికలు పెట్టుకొని నలుగురూ కూర్చుని ఆడుకొనేది. ఆడేవాడు ఒక వేషం ధరించాలి. మాంత్రిక వేషాలలో ప్రధానమైనవి నాలుగు. గ్రంథాధ్యయనంతో విద్య సంపాదించేవాడు విజార్డ్. పుట్టుకతోనే శక్తి కలిగినవాడు సోర్సరర్. ఒక మహాశక్తితో ఒడంబడిక చేసుకొని శక్తి పొందేవాడు వార్లాక్. దేవతను సేవించి అనుగ్రహంగా పొందేవాడు క్లెరిక్.

ఆ బాలుడు ఉత్సాహంగా మరికొన్ని సంగతులు చెప్పాడు. ప్రయోగాలకు పరిమితి ఉన్నదట. ఉన్నన్ని వాడుకొన్న తరువాత విశ్రమిస్తేనే మళ్లీ సమకూరుతాయి. కొన్ని ప్రయోగాలకు ఏకాగ్రత కావాలి. అటువంటివి ఒకేసారి రెండు నిలుపలేరు. దెబ్బ తగిలితే ఏకాగ్రత చెదిరి ప్రయోగం భగ్నం కావచ్చు. అగ్నిగోళాన్ని విసిరితే ఆ పరిధిలో ఉన్న స్వపక్షం వారు కూడా కాలిపోతారు. "కాబట్టి ఇష్టం వచ్చినట్టు వేయడానికి కుదరదు పంతులుగారూ" అన్నాడు. నాకు ఆశ్చర్యం కలిగింది. ఏకాగ్రత ఏకవస్తునిష్ఠమని ఒక పాశ్చాత్య క్రీడ వీడికి నేర్పింది. జపమాల తిప్పుతూ సెల్‌ఫోన్ చూసుకొనే మన పెద్దలకు ఎవరూ నేర్పలేదు.

ఇప్పుడు మొదటి వాదం: ఇది అభిచారం, కనుక పాపం. అభిచారం అనే పదాన్ని ఇంత తేలికగా వాడరాదు. శ్యేనయాగాన్ని గూర్చి మీమాంసకులు చేసిన విచారణ చదివినవారికి ఇది తెలుసు. శత్రుమరణాన్ని కోరేవానికి అది ఒక సాధనమని వేదం చెప్పినంత మాత్రాన, ఆ హింసను వేదం విధించినట్లు కాదు. హింస నిషిద్ధం కనుక ఆ కోరికతో ప్రవర్తించిన కర్తకే ప్రత్యవాయం. అనగా అభిచారానికి ఒక కర్త ఉండాలి, ప్రాణంతో ఉన్న ఒక లక్ష్యం ఉండాలి, అతనికి హాని కలగాలనే సంకల్పం ఉండాలి. తెర మీది రాక్షసుని మీద అగ్నిగోళం విసిరిన బాలునికి ఈ మూడింటిలో చివరి రెండూ లేవు. వాడు వేషం ధరించాడు, అంతే. సురభి నాటకాలలో మాయలమరాఠీ వేషం కట్టిన నటునికి మాంత్రికుని పాపం అంటుతుందా? 1951లో వచ్చిన పాతాళభైరవిలో నేపాళ మాంత్రికుడుగా నటించిన ఎస్.వి. రంగారావుగారికి మనం ప్రాయశ్చిత్తం విధించామా? తరతరాలుగా చందమామ కథలలో, కాశీమజిలీ కథలలో మాంత్రికులను చదివి ఆనందించిన జాతి మనది. మన మనుమలు అదే ఆనందాన్ని వేరొక తెర మీద పొందితే క్షుద్రమని బెదరిపోవడం అజ్ఞానం. పిల్లవాణ్ణి భయపెట్టి హోమం చేయించడం అంతకంటె పెద్ద దోషం.

రెండవ వాదం యువకులది. "అస్త్రాలన్నా స్పెల్స్ అన్నా ఒకటే, మన పురాణాలలో ఉన్నదే ఆటలలో ఉన్నది" అని వారు గర్వంగా చెప్పుకొంటారు. ఇది మొదటి వాదం కంటె ప్రమాదకరం. ఎందుకంటే దీనిలో ప్రేమ ఉన్నది, వివేకం లేదు.

తాటకావధానంతరం విశ్వామిత్ర మహర్షి శ్రీరామునికి దివ్యాస్త్రాలను ఉపదేశించాడు. అప్పుడు రాముడు ఏమి అడిగాడు? ఇంకా గొప్ప అస్త్రం ఏదైనా ఉన్నదా అని అడగలేదు. ప్రయోగించినదానిని ఉపసంహరించే విధానాన్ని కూడా ఉపదేశించమని అడిగాడు. వాల్మీకి మహర్షి బాలకాండలో చూపిన ఈ ఒక్క ఘట్టం చాలు, అస్త్రానికీ ఆటలోని ప్రయోగానికీ ఉన్న అంతరం తెలియడానికి. సౌప్తిక పర్వంలో అశ్వత్థామకు ప్రయోగం తెలుసు, ఉపసంహారం చేతకాలేదు. అర్జునుడు బ్రహ్మచర్యవ్రతనిష్ఠ వలన తన అస్త్రాన్ని వెనుకకు తీసుకోగలిగాడు. అశ్వత్థామ అస్త్రం పాండవ స్త్రీల గర్భాల మీద పడింది. శిరోమణిని పోగొట్టుకొని, 3000 సంవత్సరాలు ఏకాకిగా తిరగమని శాపం పొంది అతడు వెళ్లిపోయాడు. కర్ణుడు అబద్ధమాడి విద్య నేర్చుకొన్నాడు, అవసరమైన క్షణంలో ఆ విద్య అతనికి స్ఫురించలేదు. త్వష్ట ప్రజాపతి కథ వేదపాఠశాలలో ప్రతి విద్యార్థీ వింటాడు. ఇంద్రుణ్ణి సంహరించే కుమారుణ్ణి కోరి ఆయన హోమం చేశాడు. ఇంద్రశత్రు అనే పదంలో ఉదాత్తస్వరం ఉండవలసిన చోట లేనందువలన సమాసమే మారిపోయింది. పుట్టిన వృత్రుడు ఇంద్రుణ్ణి చంపలేదు, ఇంద్రుని చేతిలో చచ్చాడు. మాట ఒకటే, స్వరం తప్పింది.

ఆటలో దీనికి తావు ఎక్కడ? అక్కడ ప్రమాదం జరిగితే ముందుగా సేవ్ చేసిన చోటికి మరలిపోవచ్చు. సహచరుడు మరణిస్తే 200 బంగారు నాణేలు చెల్లిస్తే బ్రతికించే ఒక పాత్ర ఉన్నదట. మన సావిత్రి యముని వెంట నడిచింది. ఆమె చేతిలో నాణేలు లేవు, వ్రతం ఉన్నది. ఆ ఆటను నిర్మించినవారికి కర్మసిద్ధాంతం పూర్తిగా తెలియదని కూడా నేను అనను. దానిలో గేల్ అనే మాంత్రికుడు ఉన్నాడు. మంత్రశక్తికి అధిదేవత అయిన మిస్ట్రా అనుగ్రహానికి పాత్రుడై, అతిలోభంతో ఇంకా కావాలని చేయి చాచి, ఒక విధ్వంసక శక్తిని తన వక్షస్థలంలో ఇరికించుకొన్నాడు. అతని కథలో కర్మ ఉన్నది. ఆడేవాని చేతిలోని మీటలో మాత్రం కర్మ లేదు. కథ హెచ్చరిస్తుంది, మీట క్షమిస్తుంది. ఈ తేడా తెలిసి ఆడితే ఆట ఆటగానే ఉంటుంది.

ఇక నాకు నిజంగా మనస్తాపం కలిగించిన విషయం. జపాన్ దేశపు ఫైనల్ ఫాంటసీ అనే ఆటల పరంపరలో శివ అనే పేరుతో ఒక మంచుకన్య ఉన్నది. పిలిస్తే వస్తుంది, శత్రువును గడ్డకట్టించి పోతుంది. 1992లో ఆరంభమైన షిన్ మెగామి టెన్సే పరంపరలో శివుడు, విష్ణువు, కాళి మొదలైన దేవతలందరినీ దెయ్యాలనే ఒకే పేరుతో వ్యవహరిస్తారు. ఆడేవాడు అటువంటి శక్తులతో బేరమాడి, ధనమో వస్తువో ఇచ్చి, తన పరివారంలో చేర్చుకొంటాడు. రెండింటిని కలిపి మూడవదానిని పుట్టిస్తాడు. వారికి ద్వేషం ఉన్నదని నేను అనుకోను. తమ దేశపు దేవతలను కూడా వారు అలాగే చేర్చారు. కానీ మనం ఆవాహన అని చేసేది ఇది కాదని స్పష్టంగా చెప్పుకోవాలి. ఆవాహనలో దేవత అతిథి. పిలిచినవాడు ఆసనం వేయాలి, పాద్యం, అర్ఘ్యం ఇవ్వాలి, స్నానం, వస్త్రం, నైవేద్యం సమర్పించాలి, చివరకు మళ్లీ దయచేయమని ప్రార్థించి సాగనంపాలి. షోడశోపచారాలలో ఏ ఒక్కటీ దేవత చేత పని చేయించడం కాదు. పదహారూ మనం చేసే పనులే.

ఈ వాక్యం వ్రాసిన తరువాత నా కలం ఆగింది. మన పూజలు నిజంగా అలాగే ఉన్నాయా?

నా వద్దకు వచ్చేవారిలో అధికులు అడిగే ప్రశ్న ఒక్కటే: "పంతులుగారూ, త్వరగా పని చేసే మంత్రం ఏది?" ఉద్యోగానికి ఒక స్తోత్రం, వీసాకు ఒక ప్రదక్షిణ సంఖ్య, సంతానానికి ఒక బీజాక్షరం. ఉపదేశం లేదు, న్యాసం లేదు, నియమం లేదు. సెల్‌ఫోన్‌లో వచ్చిన సందేశం చూసి బీజమంత్రాలను పాటలాగా వింటూ వంట చేసుకొంటున్నారు. ఇరవై ఒక్క రోజులలో ఫలం రాకపోతే మరొక దేవతకు మారిపోతున్నారు. గీతాచార్యుడు భజించేవారిని నాలుగు విధాలుగా చెప్పాడు: ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని. అర్థార్థిని కూడా ఆయన తిరస్కరించలేదు, సుకృతులలోనే చేర్చాడు. ఎందుకంటే అర్థార్థి అడుగుతాడు. మనం అడగడం మాని ఒప్పందం వ్రాసుకొంటున్నాం. ఆ బాలుడు చెప్పిన నాలుగు వేషాలలో మనం ఏ వేషంలో ఉన్నాం? క్లెరిక్ అని చెప్పుకొంటూ వార్లాక్‌లా ప్రవర్తిస్తున్నాం.

ఇందులో అర్చకుల దోషం తక్కువ కాదు. నా దోషమే చెబుతాను. కొన్ని సంవత్సరాల క్రితం ఒక గృహస్థు తన సొంత తమ్మునితో ఆస్తి వ్యాజ్యంలో ఉండి, శత్రుక్షయానికి జపం చేయించమని వచ్చాడు. నేను తమ్ముని పేరు సంకల్పంలో చెప్పలేదు. సర్వశత్రు నివారణార్థం అని సామాన్యంగా చెప్పి జపం ముగించి, సంభావన స్వీకరించాను. పీట మీద కూర్చుని కళ్లు మూసుకొన్న ఆ యజమాని మనస్సులో ఎవరి ముఖం మెదులుతున్నదో నాకు బాగా తెలుసు. పైన చెప్పిన అభిచార లక్షణాలు మూడూ ఆ రోజున నా ఎదుటనే ఉన్నాయి: కర్త ఉన్నాడు, ప్రాణంతో ఉన్న లక్ష్యం ఉన్నాడు, హాని సంకల్పం ఉన్నది. పురోహితుడుగా నేనూ ఉన్నాను. ఆ జపానికి ఏ ఫలం కలిగిందో నేను విచారించలేదు. ఆ ధనాన్ని అన్నదానానికి ఇచ్చివేశాను గాని, ఇచ్చినంత మాత్రాన అది సేవ్ చేసిన చోటికి మరలిపోవడం కాదు. కనుక ఆ బాలుడు తల వంచుకొని నిలబడినప్పుడు, వాడికి శాంతి విధించే అర్హత నాకు కనిపించలేదు. ఇప్పుడు అటువంటి కోరికతో ఎవరు వచ్చినా, ముందు ఆ తమ్ముని పేరున కూడా ఒక అర్చన చేయించమంటున్నాను. కొందరు చేయిస్తున్నారు. కొందరు మరొక ఆలయానికి పోతున్నారు.

అలాగని ఆ కుర్రవానికి దోషమే లేదని చెప్పి పంపలేదు. రాముడు ఉపసంహారం అడిగిన కథ వాడికి చెప్పి, "నాయనా, నీవు రాత్రి తొమ్మిదింటికి ఆ ఆటను ఆపగలవా?" అని అడిగాను. వాడు చాలాసేపు ఆలోచించి "కష్టమండీ" అన్నాడు. "అయితే నీకు ప్రయోగం వచ్చింది, ఉపసంహారం రాలేదు. వేషం నీవు ధరించావా, వేషమే నిన్ను ధరించిందా చూసుకో" అన్నాను. నిద్ర చెడి, సంధ్యావందనం తప్పి, తల్లికి కన్నీరు తెప్పించే ఏ వినోదమైనా దోషమే. అందులో మాంత్రికుడు ఉన్నా, క్రికెట్ ఉన్నా, నాటకం ఉన్నా తేడా లేదు.

వెళ్లబోతూ వాడు ఒక ప్రశ్న వేశాడు. "ఆటలో మంత్రం వేస్తే వెంటనే కనిపిస్తుంది. గాయత్రి చేస్తే ఏమీ కనిపించదు. పని చేస్తున్నదని ఎలా తెలుస్తుంది పంతులుగారూ?"

సాధకులు దీనిని పిల్లవాని ప్రశ్న అని తోసివేయవద్దు. మననం చేసేవానిని రక్షించేది మంత్రమని పెద్దలు నిర్వచించారు. అది లక్ష్యం మీద ప్రయోగించేది కాదు, జపించేవాని మీదనే పని చేసేది. ఆటలో మాంత్రికుని ఎదుట ఉన్నవాడు మారిపోతాడు, మాంత్రికుడు అలాగే ఉంటాడు. ఉపాసనలో ఎదుటి లోకం అలాగే ఉండవచ్చు, ఉపాసకుడు మారాలి. "ఒక సంవత్సరం నియమంగా చేసి, మీ అమ్మ మీద నీకు కోపం తగ్గిందో లేదో చూడు. తగ్గితే పని చేసినట్టే" అని చెప్పాను.

ఇదే పరీక్షను ఆ పెద్దాయనకూ, ఈ వ్యాసం చదివే మీకూ, అర్చకుడనైన నాకూ పెట్టుకొంటున్నాను. ఇన్ని సంవత్సరాల జపం తరువాత మనకు ఎవరి మీద కోపం తగ్గింది? సమాధానం చెప్పుకోగలిగినవారు, అప్పుడు ఆ పిల్లల ఆటలను గూర్చి తీర్పు చెప్పవచ్చు.

ఇతి శమ్.