మేం కనలేదా అన్నాం

పాయకరావుపేటలో ఒక ఇంటి కోడలు నెల తప్పిందంటే ఆ కబురు తాండవ వంతెన దాటి తుని చేరడానికి పూట పట్టదు. అందరం సంతోషిస్తాం. ఏ డాక్టరుకి చూపిస్తున్నారు, సీమంతం ఎప్పుడు, పుట్టింటికి ఎన్నో నెలలో పంపుతారు, అన్నీ ఆరా తీస్తాం. ఎలా ఉందో మాత్రం ఆ పిల్లని అడగం. అత్తగారిని అడుగుతాం. ‘బాగానే ఉందమ్మా’ అంటుంది ఆవిడ. ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చేస్తాం. నేను రాస్తున్నది ఏ ఒక్క ఇంటి గురించీ కాదు. మెయిన్ రోడ్డు నుంచి పెంటకోట దాకా మనందరం, చదువుకున్నవాళ్ళం, చదువుకోనివాళ్ళం, ఆడా మగా కలిసి ఏళ్ళ తరబడి చేస్తూ వస్తున్న తప్పు గురించి.

మొదటి మూడు నెలల సంగతే చూడండి. లేవగానే వాంతి, అన్నం ఉడికే వాసనకి వాంతి, పోపు వేస్తే వాంతి. గర్భంతోపాటు పుట్టిన హార్మోను తొమ్మిది, పది వారాల ప్రాంతంలో తారస్థాయికి చేరుతుంది. ఇంకో హార్మోను గర్భసంచిని బిగుసుకోనివ్వకుండా సడలిస్తూ పేగుల్ని కూడా సడలిస్తుంది. గుండెల్లో మంట, మలబద్ధకం అందుకే. ఒంట్లో రక్తం నెలలు నిండేలోపు దాదాపు సగం వంతు పెరుగుతుంది, ఆ రక్తాన్నంతా తిప్పడానికి గుండె అదనంగా పనిచేస్తుంది. నాలుగు మెట్లెక్కి కూర్చుండిపోయే పిల్ల వేషాలు వెయ్యడం లేదు. లోపల ఇంత జరుగుతున్న మనిషిని చూసి మనం అన్న మాట ఒక్కటే: ‘మేం కనలేదా? ఇంత రాద్ధాంతం చేశామా?’

ఆ మాటతో ఆ పిల్ల చెప్పడం మానేసింది. నడుం నొప్పి చెప్పడం మానేసింది, నిద్ర పట్టడం లేదని చెప్పడం మానేసింది. వాటితోపాటు చెప్పి తీరాల్సినవి కూడా చెప్పడం మానేసింది. పాదాల వాపు చాలామందికి వస్తుంది, నిజమే. కానీ ముఖం, చేతులు ఉబ్బి, తలనొప్పి వదలకుండా వేధించి, కళ్ళ ముందు మసకలు కమ్మితే అది బీపీ పెరిగిన గుర్తు కావచ్చు, ఆ పూటే ఆసుపత్రికి పరుగెత్తాలి. మంచినీళ్ళు కూడా కడుపులో నిలవక, బరువు తగ్గి, మూత్రం తగ్గితే అవి మామూలు వేవిళ్ళు కావు, సెలైన్ ఎక్కించాలి. ఏది మామూలో ఏది ప్రమాదమో తేల్చుకునే తెలివి మనకి లేనప్పుడు కనీసం ఆ పిల్ల చెప్పేది వినాల్సింది. మనం విననూ లేదు, చెప్పనివ్వనూ లేదు.

రక్తహీనత సంగతి మరీ బాధపెడుతుంది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో గర్భిణుల్లో 53.7 శాతం మందికి రక్తం తక్కువ. ఐరన్ మాత్రలు ఉచితం, 180 రోజులు రోజుకొకటి, ఆశ అమ్మాయి ఇంటికి తెచ్చి మరీ ఇస్తుంది. అయినా సగం అట్టలు గూట్లోనే ఉండిపోతాయి. ఎందుకంటే ఆ మాత్రకి వికారం పుడుతుంది, విరేచనం నల్లగా వస్తుంది, మలబద్ధకం పెరుగుతుంది. రాత్రి అన్నం తిన్నాక వేసుకో, టీతో వద్దు, కాల్షియం మాత్రతో కలిపి వద్దు, నిమ్మకాయ నీళ్ళు తాగు, నలుపుకి భయపడకు అని కూర్చోబెట్టి చెప్పినవాళ్ళు లేరు. చెప్పకపోగా ‘మాత్రలు వేసుకుంటే బిడ్డ లావైపోయి కాన్పు కష్టమవుతుంది’ అని మనమే భయపెట్టాం. బలపాలు, పచ్చి బియ్యం, గోడ మట్టి తింటుంటే కడుపుతో ఉన్నవాళ్ళ కోరికలని మురిసిపోయాం. రక్తం తగ్గిన ఒళ్ళు చాలాసార్లు అలా మట్టికి ఎగబడుతుందని వైద్యులు చెబుతూనే ఉన్నారు.

ఇక పని. రేవులో చేపల గంప నెత్తికెత్తుకునే మనిషి ఏడో నెలలోనూ ఎత్తుకుంటుంది. చేలో వంగి నాటే మనిషి వంగుతూనే ఉంటుంది. 26 వారాల ప్రసూతి సెలవు చట్టం 2017లో వచ్చింది, మంచి చట్టం, కానీ అది ఈ ఇద్దరి గడప తొక్కదు. ఆహార భద్రత చట్టం 2013లోనే గర్భిణికి 6,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలంది. 2017లో మాతృవందన పథకం పెట్టి మొదటి కాన్పుకి 5,000 అన్నారు, మిగిలింది మరో పథకం కింద వస్తుందన్నారు. 2024-25లో ఉపాధి హామీ కూలి రోజుకి 300. ఆ లెక్కన ఆ 5,000 పదిహేడు రోజుల కూలి కూడా కాదు. ఆ డబ్బు వచ్చిందా లేదా అని పంచాయతీలో, మండల సమావేశంలో మనలో ఎవరమైనా లేచి అడిగామా? రోడ్ల గురించి అడిగాం, కాలవల గురించి అడిగాం.

సీమంతం గురించి రాయడానికి కొంచెం సంకోచంగా ఉంది, ఎందుకంటే నాకది ఇష్టమైన వేడుక. చేతుల నిండా గాజులు, పసుపు, పూలు, పదిమంది దీవెన. భయపడుతున్న పిల్లకి ఊరంతా తోడుందని చెప్పడానికే పెద్దవాళ్ళు పెట్టి ఉంటారు. మనం దాన్ని ఫొటోల తంతు చేసేశాం. పట్టుచీరలో, నగల బరువుతో, లైట్ల వేడిలో కాళ్ళు వేలాడేసుకుని గంటల తరబడి కూర్చోబెడతాం. నవ్వమంటాం. ఆ రోజు ఆ పిల్ల పక్కన ఒక్క పావుగంట తలుపేసుకుని కూర్చుని ‘కాన్పంటే భయంగా ఉందా తల్లీ?’ అని అడిగిన పిన్ని, అక్క, వదిన ఎంతమంది?

పుట్టింటికి పంపడమూ అంతే. ఆ ఆనవాయితీలో గొప్ప దయ ఉంది. అత్తింటి చాకిరీ తప్పుతుంది, కన్నతల్లి చేతి అన్నం దొరుకుతుంది. కానీ దాన్ని అడ్డం పెట్టుకుని మగవాళ్ళం తప్పుకున్నాం. ఏడో నెలలో బస్సెక్కించి, ఫోన్ చేస్తే ‘తిన్నావా, మాత్ర వేసుకున్నావా’ అని రెండు ముక్కలు మాట్లాడి, పురిటి కబురు వచ్చాక స్వీట్లతో వెళ్ళాం. ఆ మధ్యలో తనకి ఎన్ని రాత్రులు నిద్ర లేదో మనకి తెలీదు. ఆడపిల్ల పుడితే ఏమంటారోనన్న భయం తనని ఎంత తినేసిందో తెలీదు. అసలు ఆ భయం పెట్టిందే మనం.

కొందరు పిల్లలు పిల్లల్నే కంటున్నారన్నది కూడా ఒప్పుకోవాలి. అదే సర్వేలో, మన రాష్ట్రంలో 20-24 ఏళ్ళ ఆడవాళ్ళలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయింది. ఇంకా తన ఒళ్ళే పూర్తిగా ఎదగని పిల్లకి కడుపు మొయ్యడమంటే ఏమిటో పెళ్ళి భోజనాలకి వెళ్ళొచ్చిన మనకి తెలుసు. తెలిసే అక్షింతలు వేశాం.

2022 ఏప్రిల్‌లో మనం విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చాం. నొప్పులొస్తే వెళ్ళే దారి మాత్రం మారలేదు. తునికో నర్సీపట్నానికో వెళ్ళడం, చెయ్యి దాటితే విశాఖ కేజీహెచ్‌కో కాకినాడ జీజీహెచ్‌కో పరుగెత్తడం. మన జిల్లాలోనే రోలుగుంట మండలం ఆర్ల పంచాయతీ కొండ ఊళ్ళ నుంచి మనుషుల్ని డోలీ కట్టి మోసుకొస్తారు. గర్భిణిని మోసుకొచ్చిన ఫొటో పేపర్లో చూసి అయ్యో అనుకుంటాం, పేజీ తిప్పేస్తాం.

నొప్పులు పడుతున్న మనిషిని ప్రసూతి గదిలో తిట్టడం ఈ రాష్ట్రంలో కొత్త కాదు. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూం’ అని కవితే రాశారు. ఆడవాళ్ళు ఇలా తమ ఒంటి బాధని తామే కవిత్వంలో చెప్పుకుంటే, సాహిత్యం తెలిసిన పెద్దమనుషులే దాన్ని నీలి కవిత్వమని ఈసడించారు. నొప్పుల వేళ తోడుగా ఒక ఆడమనిషిని లోపల ఉండనివ్వవచ్చని కేంద్రం 2016లోనే సర్కారు ఆసుపత్రులకి చెప్పింది. ఆ సంగతి మనం తెలుసుకోలేదు, గేటు దగ్గర అడగలేదు. మరోపక్క 2019-21 సర్వే లెక్కన మన రాష్ట్రంలో కాన్పుల్లో 42.4 శాతం ఆపరేషన్లే. తప్పనిసరైన ఆపరేషన్ ప్రాణం నిలబెడుతుంది, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. బిడ్డ జాతకం కోసం ముహూర్తం పెట్టించి తల్లి కడుపు కోయించిన ఇళ్ళు మాత్రం మనవే. ఆ కుట్ల నొప్పితో లేచి బిడ్డకి పాలివ్వాల్సింది తనే.

ఆపైన పథ్యం. పాలిచ్చే తల్లికి నీళ్ళు ఎక్కువ కావాలి, తిండి ఎక్కువ కావాలి. మనం నీళ్ళు తగ్గించాం, కూరలు ఆపాం. బిడ్డని చూడటానికి ఇల్లంతా జనం, తల్లి మంచం మూల. అకారణంగా ఏడుస్తుంటే దిష్టన్నాం, గాలి సోకిందన్నాం, తాయెత్తు కట్టాం. బంగారంలాంటి బిడ్డని పెట్టుకుని ఏడుపేమిటన్నాం. కాన్పయిన మూడో నాలుగో రోజు వచ్చే కన్నీళ్ళు చాలామందికి రెండు వారాల్లో ఆగిపోతాయి. ఆగకపోతే అది జబ్బు. భారతదేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి చూసి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రచురించిన లెక్క ప్రకారం బాలింతల్లో సుమారు 22 శాతం మంది కుంగుబాటుతో ఉన్నారు. ఐదుగురిలో ఒకరు. మన వీధిలో ఐదుగురు బాలింతల పేర్లు మనకి తెలుసు. అందులో ఎవరు ఆ ఒక్కరో మనకి తెలీదు.

పత్రికలకి రాసేవాళ్ళం దీనికి వేరే జవాబు చెప్పాలి. ‘కడుపునొప్పి భరించలేక వివాహిత ఆత్మహత్య’ అని నాలుగు లైన్లు రాసి పంపడం మన జిల్లాల్లో ఎంత మామూలైపోయిందో చదివేవాళ్ళకీ తెలుసు. బిడ్డ ఎన్ని నెలలవాడు, ఆమె ఎప్పటినుంచి నిద్రపోలేదు, ఎవరితోనైనా చెప్పుకుందా, ఇవేవీ వాకబు చెయ్యలేదు. గర్భిణి, బాలింత ఆత్మహత్యలను మాతృ మరణాలుగానే లెక్కించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో చెప్పింది. కేరళ ప్రసూతి వైద్యులు 2004 నుంచి తల్లుల మరణాలను పేర్లు బయటపెట్టకుండా కూలంకషంగా పరిశీలిస్తూ, ఆత్మహత్య పెద్ద కారణాల్లో ఒకటని గుర్తించారు. మన రాష్ట్రంలో 2018-20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకి మాతృ మరణాలు 45కి తగ్గాయి. దాని వెనక ఏఎన్‌ఎమ్‌ల, ఆశల, 108 సిబ్బంది చెమట ఉంది. కానీ కడుపునొప్పి అని రాసేసిన ఆడవాళ్ళు ఆ లెక్కలోకి ఎలా వస్తారు? వాళ్ళని మొదట దాచింది ఇంటివాళ్ళు, తర్వాత మేము.

ప్రతి నెలా 9న సర్కారు ఆసుపత్రుల్లో గర్భిణులకి పరీక్షలు చేస్తారు, 2016 నుంచి జరుగుతోంది. ఆ వరసలో బరువు చూస్తారు, బీపీ చూస్తారు, రక్తం చూస్తారు. మనసులో కుంగుబాటుని పసిగట్టడానికి కూడా 1987లో ఎడిన్‌బరోలో తయారైన పది ప్రశ్నల పట్టిక ఒకటుంది. గడిచిన ఏడు రోజుల్లో నవ్వగలిగావా, నీ తప్పు లేకపోయినా నిన్ను నువ్వే నిందించుకున్నావా, దిగులుతో నిద్ర పట్టలేదా, ఏడ్చావా, నీకు నువ్వు హాని చేసుకోవాలనిపించిందా, ఇలాంటివి. అడగడానికి ఐదు నిమిషాలు. జబ్బో కాదో తేల్చడం డాక్టరు పని, అడగడం ఎవరైనా చెయ్యగలరు. ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే టెలీ మానస్ 14416 ఉంది, 2022 అక్టోబరు నుంచి, ఉచితంగా, తెలుగులో. ఈ నంబరు మన అంగన్‌వాడీ గోడ మీద రాయించడానికి ఒక డబ్బా రంగు చాలు. ఆ 9వ తేదీన భార్య పక్కన నిలబడటానికి మగవాడికి ఒక పూట పని పోతుంది. గుడి రంగులకి చందాలు పోగేసే మనం, పండక్కి వారం రోజులు పని మానుకునే మనం, ఈ రెండూ ఇంతవరకూ చెయ్యలేదు.